యాప్ మూసుకుపోకముందే పట్టుకుందాం: సీరియలైజేషన్ తప్పులు, అనోటేషన్లు

ఈ ఎపిసోడ్‌లో కోడ్ కొంచెం ఎక్కువే ఉంటుంది. కోడింగ్ రానివాళ్లు కూడా మొదటి కొన్ని నిమిషాలు ఉండండి. ఎందుకంటే ఈ ప్రాబ్లమ్ మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే మీరు చూసి ఉంటారు.

ఏదో యాప్‌లో ఫారం నింపుతున్నారు. పేరు, అడ్రస్, పిన్‌కోడ్ అన్నీ కొట్టారు. ఓటీపీ వచ్చింది, చదివేలోపే నోటిఫికేషన్ పైకి వెళ్లిపోయింది. సరేలే అని హోమ్ బటన్ నొక్కి మెసేజెస్ ఓపెన్ చేశారు. అంతే, ఇక్కడ యాప్ ఆగిపోయిందని చిన్న బాక్స్ వచ్చింది. మళ్లీ ఓపెన్ చేస్తే మొదటి పేజీ. నింపినదంతా గోవిందా.

మనం నెట్‌వర్క్‌ని తిట్టుకుంటాం, ఫోన్‌లో ర్యామ్ సరిపోలేదు అనుకుంటాం. కానీ సరిగ్గా హోమ్ నొక్కినప్పుడే యాప్ పడిపోతోందంటే, అనుమానించాల్సినవాటిలో ఒకటి ఆ కోడ్ రాసినవాళ్లు సీరియలైజేషన్‌లో చేసిన తప్పు. అది ఎలా జరుగుతుందో చెప్పి, తర్వాత దాన్ని కంపైల్ టైమ్‌లోనే, అంటే యాప్ మీ ఫోన్‌కి రాకముందే, ఎలా పట్టుకోవచ్చో చూద్దాం.

ఇల్లు మారేటప్పుడు మంచాన్ని ఉన్నదున్నట్టు లారీ ఎక్కించం కదా. విప్పుతాం. కోళ్లు ఒక పక్క, చెక్కలు ఒక పక్క, నట్లూ బోల్టులూ ఒక కవర్లో. కొత్త ఇంట్లో మళ్లీ బిగిస్తాం. సీరియలైజేషన్ అంటే ఇదే. మెమరీలో ఉన్న ఆబ్జెక్ట్‌ని విప్పి వరసగా బైట్లుగా పేర్చడం. తిరిగి బిగించడం డీసీరియలైజేషన్. ఫైల్‌లో దాచాలన్నా, నెట్‌లో పంపాలన్నా, ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి ఇవ్వాలన్నా ఈ విప్పడం తప్పదు. ఇంట్లో గోడలోకి కట్టేసిన అల్మరా ఉంటుంది చూడండి, దాన్ని విప్పి లారీలో వేయలేం. ప్రోగ్రామ్‌లో కూడా అలాంటివి ఉంటాయి. నడుస్తున్న థ్రెడ్, తెరిచి ఉన్న నెట్‌వర్క్ కనెక్షన్, ఇలాంటివి.

ఇప్పుడు ఆ ఓటీపీ కథకి వద్దాం. ఆండ్రాయిడ్‌లో ఒక స్క్రీన్ ముక్క నుంచి, అంటే ఫ్రాగ్మెంట్ నుంచి, ఇంకో ఫ్రాగ్మెంట్‌కి ఆబ్జెక్ట్‌ని బండిల్‌లో పెట్టి ఇస్తారు. యాప్ లోపల తిరుగుతున్నంతసేపు ఆ ఆబ్జెక్ట్ మెమరీలో అలాగే ఉంటుంది, ఎవరూ విప్పరు. హోమ్ నొక్కగానే ఆండ్రాయిడ్ సిస్టమ్, ఈ యాప్ స్థితిని నేను దాచిపెట్టుకుంటాను, బైట్లుగా ఇవ్వు అంటుంది. అప్పుడు విప్పబోతే లోపల ఒక గోడ అల్మరా బయటపడుతుంది. నాట్‌సీరియలైజబుల్ ఎక్సెప్షన్, యాప్ క్లోజ్. డెవలపర్ టెస్ట్ చేసినప్పుడు అన్ని స్క్రీన్లూ తిరిగాడు, మధ్యలో హోమ్ మాత్రం నొక్కలేదు. ఓటీపీ కోసం బయటికి వెళ్లేది మనమే కాబట్టి దొరికింది మనకే.

ఇక అసలు విషయం. ఇంత పెద్ద తప్పుని కంపైలర్ ఎందుకు ఆపలేదు?

జావాలో సీరియలైజేషన్ 1997లో, జేడీకే 1.1తో వచ్చింది. క్లాస్ పేరు పక్కన ఇంప్లిమెంట్స్ సీరియలైజబుల్ అని రాస్తే చాలు. ఆ ఇంటర్‌ఫేస్ ఓపెన్ చేసి చూడండి, లోపల ఒక్క మెథడ్ కూడా ఉండదు. బయట బోర్డు ఉంది, లోపల షాపు లేదు. మామూలు ఇంటర్‌ఫేస్ అయితే మనం ఒక మెథడ్ రాయడం మర్చిపోతే కంపైలర్ ఊరుకోదు. ఇక్కడ అడగడానికి దాని దగ్గర ఏమీ లేదు.

అలాగని రూల్స్ లేవా అంటే ఉన్నాయి. ఐదు మెథడ్లు: రైట్‌ఆబ్జెక్ట్, రీడ్‌ఆబ్జెక్ట్, రీడ్‌ఆబ్జెక్ట్‌నోడేటా, రైట్‌రీప్లేస్, రీడ్‌రిజాల్వ్. రెండు ఫీల్డ్‌లు: సీరియల్‌వెర్షన్‌యూఐడీ, సీరియల్‌పర్సిస్టెంట్‌ఫీల్డ్స్. ఈ ఏడూ ఏ ఇంటర్‌ఫేస్‌లోనూ డిక్లేర్ చేసి లేవు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు జావా రన్‌టైమ్ మీ క్లాస్‌లో వీటిని పేరు పట్టుకుని వెతుక్కుంటుంది. పేరు ఒక్కటే కాదు, ప్రైవేటా కాదా, రిటర్న్ టైప్ ఏంటి, లోపలికి ఏ టైప్ వస్తుంది, అన్నీ సరిపోవాలి. సరిపోతే పిలుస్తుంది. సరిపోకపోతే? ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. అసలు లేనట్టే వదిలేసి తన డిఫాల్ట్ పద్ధతిలో ముందుకి పోతుంది. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పాన్‌లో ఒక స్పెల్లింగ్ ఉంటే కనీసం లింక్ అవ్వలేదని మెసేజ్ అయినా వస్తుంది. ఇక్కడ అది కూడా ఉండదు.

స్క్రీన్ మీద చూడండి, వాలెట్ అనే క్లాస్. బ్యాలెన్స్ సున్నా కంటే తగ్గకూడదు, 10,000 దాటకూడదు. కన్‌స్ట్రక్టర్‌లో ఆ చెక్ ఉంది. బాగానే ఉంది కదా? కానీ సీరియలైజబుల్ క్లాస్‌ని బైట్ల నుంచి తిరిగి బిగించేటప్పుడు ఆ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ని పిలవరు. అందుకే అదే చెక్‌ని రీడ్‌ఆబ్జెక్ట్‌లో కూడా పెట్టాలి. ఈ డెవలపర్ పెట్టాడు కూడా. కాకపోతే మెథడ్ ముందు ప్రైవేట్ అని రాయాల్సిన చోట అలవాటుగా పబ్లిక్ అని రాశాడు. రన్‌టైమ్‌కి కావాల్సింది ప్రైవేట్. పబ్లిక్ కాబట్టి దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు టెస్ట్ చేయండి. వాలెట్‌లో 500 పెట్టి, ఫైల్‌లో రాసి, తిరిగి చదవండి. 500 వస్తుంది. టెస్ట్ పాస్. ఎందుకంటే డిఫాల్ట్ పద్ధతి డేటాని సరిగ్గానే తెచ్చింది. చెక్ మాత్రం ఒక్కసారి కూడా నడవలేదు. రేపు ఎవరైనా ఆ ఫైల్‌లో బైట్లు మార్చి 500ని ఐదు లక్షలు చేస్తే ఆపేవాడు లేడు. గేటు కట్టారు, వాచ్‌మన్‌ని పెట్టారు, కానీ వచ్చేవాళ్లంతా పక్క దారిలో వెళ్తున్నారు.

రెండో ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే ఇందులో తప్పు చేసినవాడు మంచి ప్రోగ్రామర్‌లా కనిపిస్తాడు. సెట్టింగ్స్ అనే సింగిల్‌టన్ క్లాస్. యాప్ మొత్తానికి ఒకటే ఆబ్జెక్ట్ ఉండాలి. డీసీరియలైజ్ చేస్తే రెండోది పుడుతుంది కాబట్టి, రీడ్‌రిజాల్వ్ రాసి, కొత్తది వద్దు పాతదే ఇవ్వు అని చెప్పాలి. ఆ మెథడ్ రిటర్న్ టైప్ ఆబ్జెక్ట్ అయి ఉండాలి. మన హీరో ఏమనుకున్నాడంటే, తిరిగి ఇచ్చేది సెట్టింగ్సే కదా, ఆబ్జెక్ట్ అని వదులుగా రాయడం ఎందుకు, సెట్టింగ్స్ అనే రాద్దాం అని. జావాలో మిగతా ఎక్కడైనా ఇది మెచ్చుకోవాల్సిన అలవాటు. కోడ్ రివ్యూలో కూడా ఎవరూ ఏమీ అనరు. కానీ రన్‌టైమ్ వెతికేది ఆబ్జెక్ట్ రిటర్న్ చేసే మెథడ్‌ని, దొరకలేదు, వదిలేసింది. ఇప్పుడు యాప్‌లో రెండు సెట్టింగ్స్ ఉన్నాయి. మీరు డార్క్ మోడ్ ఆన్ చేస్తారు, సగం స్క్రీన్లు మారతాయి, సగం మారవు. ఈ బగ్‌ని వెతకడం మొదలుపెడితే రీడ్‌రిజాల్వ్ దగ్గరికి రావడానికి ఎంత టైమ్ పడుతుందో మీరే ఊహించుకోండి. ఆ మెథడ్ కళ్ల ముందే ఉంది, చూడటానికి కరెక్ట్‌గా కూడా ఉంది మరి.

సీరియల్‌వెర్షన్‌యూఐడీ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇది క్లాస్‌కి వెర్షన్ నంబర్ లాంటిది. చివరి మూడు అక్షరాలు క్యాపిటల్స్ కాకుండా రాసినా, స్టాటిక్ మర్చిపోయినా లెక్కలోకి రాదు. అప్పుడు రన్‌టైమ్ క్లాస్ వివరాల నుంచి తనే ఒక నంబర్ లెక్కకడుతుంది. మీరు ఒక చిన్న పబ్లిక్ మెథడ్ కలిపినా ఆ నంబర్ మారిపోతుంది. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్‌ని కొత్త వెర్షన్ ఇన్‌వ్యాలిడ్ క్లాస్ ఎక్సెప్షన్ అని తోసేస్తుంది. యాప్ అప్‌డేట్ చేశాక గేమ్ ప్రోగ్రెస్ పోవడానికి ఇదొక దారి.

ఈ మూడింటిలో ఉన్న రోగం ఒకటే. ప్రోగ్రామర్ మనసులో ఒక ఉద్దేశం ఉంది, ఇది ఫలానా స్పెషల్ మెథడ్ అని. ఆ ఉద్దేశం కోడ్‌లో ఎక్కడా రాసి లేదు. రాసి లేనిదాన్ని కంపైలర్ ఎలా చెక్ చేస్తుంది?

ఓవర్‌రైడ్ అనోటేషన్ గుర్తుందా? 2004లో జావా 5తో వచ్చింది. ఈక్వల్స్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేస్తున్నాను అనుకుంటూ, ఆబ్జెక్ట్ బదులు వాలెట్ టైప్ తీసుకునేలా రాస్తే అది ఓవర్‌రైడ్ కాదు, కొత్త మెథడ్. పైన @ఓవర్‌రైడ్ పెడితే కంపైలర్ వెంటనే ఆపేస్తుంది. అనోటేషన్ కొత్త పనేమీ చేయలేదు. మీ ఉద్దేశాన్ని కంపైలర్‌కి కనబడే చోట రాసిపెట్టింది, అంతే.

అదే ఐడియాని సీరియలైజేషన్‌కి తెచ్చారు. 2020 మార్చిలో వచ్చిన జేడీకే 14లో @సీరియల్ అనే అనోటేషన్ ఉంది. ఆ ఐదు మెథడ్లు, రెండు ఫీల్డ్‌ల మీద పెట్టడానికి. ఇది సోర్స్ కోడ్‌లోనే ఉంటుంది, క్లాస్ ఫైల్‌లోకి కూడా వెళ్లదు. కాబట్టి యాప్ సైజ్ పెరుగుతుందా, స్లో అవుతుందా అనే డౌట్ అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. @ఓవర్‌రైడ్ తప్పుగా పెడితే ఎర్రర్ ఇవ్వాలని జావా లాంగ్వేజ్ రూల్స్‌లోనే ఉంది. @సీరియల్ విషయంలో అంత పట్టు లేదు. కంపైలర్లు చెక్ చేసి వార్నింగ్ ఇస్తే మంచిది అని డాక్యుమెంటేషన్ ప్రోత్సహిస్తుంది, అంతవరకే. అంటే అనోటేషన్ పెట్టేసి చేతులు దులుపుకుంటే పని అవ్వదు. దాన్ని చదివే టూల్ ఒకటి ఆన్‌లో ఉండాలి. ఇంటెలిజే ఐడియాలో దీనికి ఇన్‌స్పెక్షన్ ఉంది, @సీరియల్‌ని తప్పు మెంబర్ మీద పెడితే చూపిస్తుంది.

జావా సొంత కంపైలర్ వైపు నుంచి ఉన్న సాయం వేరే. ఎక్స్‌లింట్ అనే ఆప్షన్‌లో సీరియల్ అనే గ్రూప్ ఉంది. అది ముందు నుంచీ ఉన్నదే, సీరియల్‌వెర్షన్‌యూఐడీ లేకపోతే గుర్తుచేయడం లాంటి పనులు చేసేది. 2022 మార్చిలో జేడీకే 18 వచ్చినప్పుడు దీన్ని బాగా పెంచారు. ఇప్పుడు సీరియలైజబుల్ క్లాస్‌లో రీడ్‌ఆబ్జెక్ట్ అనే పేరుతో మెథడ్ ఉండి ఆకారం తప్పుగా ఉంటే వార్నింగ్. మన వాలెట్‌లో పబ్లిక్ దొరికిపోతుంది. సెట్టింగ్స్‌లో రిటర్న్ టైప్ దొరికిపోతుంది. అంతేకాదు, ఆబ్జెక్ట్ లోపల విప్పడానికి వీల్లేని టైప్ ఫీల్డ్ ఉండి, దానికి ట్రాన్సియెంట్ అని రాయకపోతే అదీ చెప్తుంది. గోడ అల్మరాని లారీ రాకముందే చూపిస్తుందన్నమాట.

మరి ఎక్స్‌లింట్ ఉండగా @సీరియల్ ఎందుకు? లింట్ పేరు పట్టుకుని పోతుంది కాబట్టి. రీడ్‌ఆబ్జెక్ట్ స్పెల్లింగ్‌లో రెండు అక్షరాలు తారుమారైతే, లింట్‌కి అది ఎవరిదో మామూలు ప్రైవేట్ మెథడ్. అనుమానం రాదు. పైన @సీరియల్ ఉంటే, నువ్వు స్పెషల్ అంటున్నావు, ఈ పేరుతో స్పెషల్ మెథడ్ ఏదీ లేదే అని టూల్ అడగగలదు. ఇంకో లాభం మనుషులకి. ఈ మెథడ్లని కోడ్‌లో ఎవరూ నేరుగా పిలవరు. చూసినవాళ్లకి వాడని కోడ్‌లా కనబడుతుంది. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ఫ్రెషర్ ఉత్సాహంగా క్లీన్ చేస్తున్నానని తీసేసే ప్రమాదం ఉంది. ఆ ఒక్క పదం పైన ఉంటే చేయి ఆగుతుంది.

వార్నింగ్ అంటే మనవాళ్లకి ఉన్న గౌరవం తెలిసిందే. బిల్డ్ లాగ్‌లో పసుపు రంగు లైన్లు రెండొందలు పరిగెడుతుంటాయి, చివర్లో సక్సెస్ అని ఆకుపచ్చగా వస్తే చాలు, టీ తాగడానికి వెళ్లిపోతాం. అందుకే దీనికి తోడుగా డబ్ల్యూఎర్రర్ అనే ఆప్షన్ కూడా పెట్టాలి. వార్నింగ్ వస్తే బిల్డ్ ఫెయిల్. నా ఉద్దేశంలో ఇది లేకపోతే మిగతావన్నీ గోడ మీద దేవుడి క్యాలెండర్ లాంటివే, చూస్తాం కానీ తేదీ చింపం.

కొంచెం చిరాకు పెట్టే సంగతి కూడా ఉంది. ఫీల్డ్‌ని లిస్ట్ అని డిక్లేర్ చేస్తే లింట్ అరుస్తుంది. ఎందుకంటే లిస్ట్ అనే ఇంటర్‌ఫేస్ సీరియలైజబుల్ కాదు, లోపల పెట్టే అరేలిస్ట్ మాత్రం అవుతుంది. కంపైలర్‌కి కనబడేది డిక్లేర్ చేసిన టైపే. ఇలాంటి చోట సప్రెస్‌వార్నింగ్స్ అనోటేషన్ పెట్టి, పక్కన ఎందుకో ఒక కామెంట్ రాయండి. జేడీకే సోర్స్ కోడ్‌లో కలెక్షన్స్ క్లాస్ తెరిచి చూస్తే వాళ్లూ అదే చేశారు, కామెంట్‌తో సహా. కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. కామెంట్ లేకుండా నోరు మూయించడం మాత్రం వద్దు.

ఒక చిన్న దారి: మీ ప్రాజెక్ట్ జావా 16 లేదా ఆ పైన ఉంటే, వాలెట్ లాంటి డేటా క్లాస్‌ని రికార్డ్‌గా రాయండి. రికార్డ్‌ని తిరిగి బిగించేటప్పుడు దాని కన్‌స్ట్రక్టర్‌నే పిలుస్తారు. చెక్ ఒక్క చోట రాస్తే చాలు. రికార్డ్‌లో రీడ్‌ఆబ్జెక్ట్ రాస్తే దాన్ని పట్టించుకోరు, జేడీకే 18 నుంచి లింట్ ఆ విషయం కూడా చెప్తుంది.

ఇప్పుడు ఆండ్రాయిడ్ వైపు. ఇక్కడ చాలామంది కోట్లిన్‌లో రాస్తున్నారు, ఇక్కడి అనోటేషన్లకి పళ్లు ఉన్నాయి. @పార్సలైజ్ పెట్టిన క్లాస్‌లో సపోర్ట్ లేని టైప్ ఉంటే వార్నింగ్ కాదు, ఎర్రర్. బిల్డే అవ్వదు. మన ఓటీపీ యాప్ డెవలపర్ సీరియలైజబుల్ బదులు ఇది వాడి ఉంటే ఆ అల్మరా అతని లాప్‌టాప్‌లోనే దొరికేది. కన్‌స్ట్రక్టర్‌లో కాకుండా క్లాస్ బాడీలో ఒక ప్రాపర్టీ పెడితే, ఇది పార్సిల్‌లోకి వెళ్లదు, తెలిసే పెట్టావా అని వార్నింగ్ ఇస్తుంది. తెలిసే అయితే @ఇగ్నోర్డ్‌ఆన్‌పార్సిల్ అని రాయాలి. ఒక్కటే జాగ్రత్త. సపోర్ట్ లేని టైప్ దగ్గర ఎర్రర్ వస్తే, ఆ మెసేజే @రావాల్యూ పెట్టొచ్చు అని దారి చూపిస్తుంది. కాపీ పేస్ట్ చేస్తే ఎర్రర్ పోతుంది, ప్రాబ్లమ్ పోదు. రన్‌టైమ్‌కి వాయిదా పడుతుంది.

జేసన్‌లోకి మార్చడానికి కోట్లిన్‌ఎక్స్ సీరియలైజేషన్ వాడేవాళ్లకి @సీరియలైజబుల్ అనే అనోటేషన్ ఉంటుంది. జావాలో అదే పేరుతో ఇంటర్‌ఫేస్, ఇక్కడ అనోటేషన్. పేర్లు పెట్టేవాళ్లకి పేర్లు దొరకలేదేమో. ఇక్కడ కూడా సీరియలైజర్ లేని టైప్ ఫీల్డ్‌లో ఉంటే, లేదా రెండు ప్రాపర్టీలకి ఒకే సీరియల్ పేరు ఇస్తే, కంపైల్ దగ్గరే ఆగుతుంది.

ఇందులో మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన గుంట ఒకటుంది. లాగిన్ వివరాల క్లాస్‌లో పిన్ అనే ఫీల్డ్ ఉంది. అది ఫైల్‌లోకి వెళ్లకూడదు. మీరు పైన @ట్రాన్సియెంట్ అని టైప్ చేశారు, రెడ్ లైన్ రాలేదు, హ్యాపీ. కానీ కోట్లిన్‌లో ట్రాన్సియెంట్‌లు రెండున్నాయి. ఇంపోర్ట్ ఏమీ చేయకుండా వచ్చేది జేవీఎం ట్రాన్సియెంట్, అది జావా సీరియలైజేషన్ కోసం. కోట్లిన్‌ఎక్స్ దాన్ని లెక్కచేయదు. దానికి తన సొంత ట్రాన్సియెంట్‌ని ఇంపోర్ట్ చేయాలి. చేయకపోతే ఆ పిన్ జేసన్‌లో శుభ్రంగా కూర్చుంటుంది. ప్లగిన్ దీన్ని గుర్తుపట్టి, ఈ అనోటేషన్ వల్ల ఇక్కడ ఉపయోగం లేదని చెప్తుంది, కానీ వార్నింగ్‌గా మాత్రమే. మళ్లీ ఆ రెండొందల పసుపు లైన్లలో ఒకటి. కోట్లిన్‌లో కూడా అన్ని వార్నింగులనీ ఎర్రర్లుగా మార్చే సెట్టింగ్ ఉంది, గ్రేడిల్‌లో పెట్టుకోండి.

అనోటేషన్లతో కాని పని కూడా చెప్తాను, లేకపోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఫీల్డ్ టైప్ సీరియలైజబుల్ అని రాసి, నడిచేటప్పుడు దాంట్లో విప్పలేని వస్తువుల లిస్ట్ పెడితే కంపైలర్‌కి తెలియదు. చెక్ ఉండాల్సిన చోట ఉందా అన్నది అది చూస్తుంది, ఆ చెక్ సరైనదా అన్నది చూడదు. ఇక బయట నుంచి వచ్చిన బైట్లని నమ్మి జావా పద్ధతిలో డీసీరియలైజ్ చేస్తే ఏ అనోటేషనూ కాపాడదు. 2016 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో మునీ మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడిలో టికెట్ డబ్బుల వసూలు వ్యవస్థ రెండు రోజులు మూతపడింది. జాషువా బ్లాక్ తన ఎఫెక్టివ్ జావా మూడో ఎడిషన్‌లో ఇలాంటి దాడులకి దాన్నే ఉదాహరణగా చూపించాడు. జావా చీఫ్ ఆర్కిటెక్ట్ మార్క్ రైన్‌హోల్డ్ 2018లో, సీరియలైజేషన్‌ని జావాలో పెట్టడం 1997లో చేసిన ఘోరమైన తప్పు అని బహిరంగంగానే అన్నాడు. కొత్త ప్రాజెక్ట్ అయితే జావా సీరియలైజేషన్ జోలికే పోవద్దని నేనూ చెప్తాను. కానీ ఉద్యోగంలో చేరినవాళ్లలో ఎంతమందికి కొత్త ప్రాజెక్ట్ ఇస్తారు చెప్పండి?

పాత ప్రాజెక్ట్ చేతికొస్తే నేను చెప్పే వరస ఇది. ముందు ఎక్స్‌లింట్ సీరియల్ ఒక్కటే ఆన్ చేసి, ఎన్ని వార్నింగులు వస్తాయో చూడండి. మొదటి రోజే డబ్ల్యూఎర్రర్ పెడితే బిల్డ్ ఆగిపోయి టీమ్ లీడ్ మీ సీటు దగ్గరికి వస్తాడు. ముందు రీడ్‌ఆబ్జెక్ట్, రీడ్‌రిజాల్వ్ మీద వచ్చినవి చూడండి, ఎందుకంటే సైలెంట్‌గా నడుస్తున్న బగ్‌లు ఉండేది అక్కడే. వాటిని సరిచేసేటప్పుడు ఒక్కొక్కటి ఆగి ఆలోచించండి. ఇన్నాళ్లూ నడవని చెక్ ఇప్పుడు నడవడం మొదలైతే, యూజర్ల ఫోన్లలో ఇప్పటికే ఉన్న పాత ఫైళ్లు దాన్ని దాటకపోవచ్చు. సరైన మెథడ్ల మీద @సీరియల్ పెట్టుకుంటూ రండి. తర్వాత ఫీల్డ్‌ల మీద వచ్చినవి. లిస్ట్ గోల ఉన్న చోట కామెంట్‌తో సప్రెస్ చేయండి. కౌంట్ సున్నాకి వచ్చిన రోజు డబ్ల్యూఎర్రర్ ఆన్ చేయండి. ఇక తర్వాత ఎవరైనా పబ్లిక్ రీడ్‌ఆబ్జెక్ట్ రాస్తే, వాళ్ల బిల్డ్ వాళ్ల మిషన్‌లోనే ఆగుతుంది.

పాత ఫైళ్లని కొత్త క్లాస్ ఎలా చదవాలి అనేది నెక్స్ట్ ఎపిసోడ్. ఉంటాను ఫ్రెండ్స్.